ఊపితేనే పువ్వు

మా బావ చక్రపాణి కెమెరా పట్టుకున్నాడంటే మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ ఊరు మొత్తానికి భూకంపం వస్తుంది. మా కాన్వెంటు సిస్టర్ ఎదుట నిలబెట్టినా ఇదే చెబుతాను. సరే, సిస్టర్ ఎదుటైతే కొంచెం తగ్గిస్తాను: భూమి కదలదు. కానీ ఆయన తీసిన పువ్వుల ఫోటోలు చూసినవాళ్లెవరూ కదల్లేదంటే నమ్మరు.

షట్టర్‌ని అర సెకను తెరిచి ఉంచి, ఆ అర సెకనూ కెమెరాని ఊపుతాడు. తులిప్‌కి కింది నుంచి పైకి, డాఫొడిల్‌కి అడ్డంగా, పియొనీ అయితే పిండి రుబ్బినట్టు గుండ్రంగా. పువ్వు పోయి రంగు మిగులుతుంది. "కదలకుండా తీస్తే అది పాస్‌పోర్ట్ ఫోటో బావా" అని నాకే పాఠం చెబుతాడు.

పక్కింటి విద్య తన పెరట్లో తొలిసారి పూసిన ఎర్ర పియొనీని తీసిపెట్టమంది. తీశాడు. ఆ అమ్మాయి దాన్ని ఫ్రిస్కోలో ఉన్న అక్కకి పంపింది. అక్క వెంటనే ఫోన్ చేసి, మంటలు ఆరాయా, పిల్లలు బయటికొచ్చారా అని అడిగిందట.

ఇంతకీ ఈ మనిషి ఇరవై ఆరేళ్లు ఒక కార్ల కంపెనీలో చేసిన ఉద్యోగం వణుకు తీసేయడం. స్టీరింగ్ వణికినా, సీటు వణికినా ఈయన్నే పిలిచేవారు. అన్ని వణుకులూ తీసేశాక, ఒక మంగళవారం పది నిమిషాల వీడియో మీటింగ్‌లో ఈయన్నీ తీసేశారు. ఆ కసితోనే ఊపుతున్నాడని ఊళ్లో తెలుగువాళ్లంతా తేల్చారు. ఆ ప్రచారంలో నా చెయ్యి కూడా ఉంది.

కానీ ఆ కెమెరా ఆయనది కాదు. ఆయన భార్య, మా చెల్లెలు లక్ష్మీకాంతానిది. పువ్వు మీది చీమకి కాళ్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తీసేది. రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టరు. ఆమె కెమెరాని క్లోజెట్ పై అరలో పెట్టేసింది. ఎవరైనా పువ్వులు చూపిస్తే ముఖం తిప్పుకునేది. బావ కెమెరా కిందికి దింపింది ఆ తర్వాతే. ఊపడం చాలావరకు వంటింటి కిటికీ ఎదుటే. రోజూ నాలుగైదు ఫోటోలు తెచ్చి చూపించేవాడు. ఆమె చూడకుండానే బాగున్నాయనేది.

మే నెలలో ఒక ఉదయం నేను వాళ్ల వంటింట్లో కాఫీ తాగుతున్నాను. బయట ఐరిస్ పువ్వు ముందు బావ ఈగలు తోలుతున్నట్టు కెమెరా విసురుతున్నాడు. ఇరవయ్యోసారికి మా చెల్లెలు కూర తరగడం ఆపి, చెప్పులైనా వేసుకోకుండా గడ్డిలోకి నడిచింది.

"మీకు ఊపడం కూడా రాదు. ఇటివ్వండి."

"ఇంజినీర్ చెయ్యి కదా, గీత గీసినట్టే వస్తోంది. నువ్వెలా ఊపుతావో చూస్తాను."

"నేను ఊపను. పట్టుకుంటాను, అంతే."

ఆమె తీసిన ఫోటోలో ఐరిస్ అంచులు ఊదారంగు దారాలై విడిపోయాయి. నడుమ పువ్వు మాత్రం పువ్వుగానే ఉంది. ఇప్పుడది లైబ్రరీ ఎగ్జిబిషన్‌లో ఆమె పేరుతో గోడ మీద ఉంది. బావ పంపిన తొమ్మిదీ వెనక్కి వచ్చాయి.

ఇదంతా రాసి బావకి చదివి వినిపించాను. ఆయన టోస్ట్ తింటూ చివరిదాకా విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు," అన్నాడు. "నా తొమ్మిదీ బాగానే ఉన్నాయి, ఆ లైబ్రరీవాళ్లకే కళ్లు లేవు. ఇక లక్ష్మి చేతులంటావా, అవి వణకడం నేనెప్పుడూ చూడలేదు."