అక్క పాడిన బొమ్మలు

కిందటి వారం మనవరాలు పట్టుబట్టి టెక్కలిలో ఒక కచేరీకి తీసుకువెళ్ళింది. పాడే అమ్మాయి వెనక పెద్ద తెర కట్టి, ఒక్కో కీర్తనకు ఒక్కో చిత్రకారుడి బొమ్మ వేస్తుంటే, ఇలాంటిది ఎన్నడూ చూడలేదని పక్కవాళ్ళు మురిసిపోయారు. నేను మాత్రం దుఃఖం ఆపుకోలేక సగంలోనే లేచి వచ్చేశాను.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను గుమాస్తాగా చేరిన కొత్తలో మా అక్కకు కిడ్నీల జబ్బు బయటపడింది. మా ఉద్దానంలో ఆ మాట వినని గడప లేదు గనక ఆ బాధంతా విడమర్చి చెప్పను. అక్క సంగీతం నేర్చుకుంది గానీ నలుగురిలో కూర్చుని పాడి ఎరగదు. పోయేలోగా ఒక్క కచేరీ చేయాలని ఆమె అడిగితే, పూండి దగ్గర బడిలో డ్రాయింగు మాస్టారైన బావ, ఆమె పాడబోయే అయిదు కీర్తనలకూ అయిదు చెక్కపలకల మీద బొమ్మలు వేశాడు. మోహన రాగానికి కొబ్బరితోటలో పొద్దుపొడుపు, నీలాంబరికి చీర ఉయ్యాల, అలా. వాటిని చూస్తూ పాడితే బెరుకుండదని ఆయన ఆలోచన.

ఒక ఆదివారం సాయంత్రం బడి వరండాలో అయిదింటినీ వరుసగా నిలబెట్టాం. అక్క మూడు పాడింది. నాలుగోది ఎంతసేపటికీ ఎత్తుకోలేక, వాచిన పాదాల మీదికి కుచ్చిళ్ళు సర్దుకుని, "నాకింక ఊపిరి సాల్లేదు. మిగిలిన రెండూ బొమ్మల్లోనే సూసుకోండి" అంది. జనం లేవలేదు. పాట లేని ఆ రెండు బొమ్మల వంకే చూస్తూ చీకటిపడేదాకా కూర్చున్నారు. అంత మంచి శ్రోతల్ని నేను మళ్ళీ చూడలేదు.

రెండు నెలలకే అక్క పోయింది. ఉప్పుగాలికి రంగులు పెచ్చులూడుతున్నాయని బావ దిగులుపడుతుంటే, తెలివిమీరిన నేను ఫ్యాక్టరీ నుంచి జీడితొక్కు నూనె డబ్బా పట్టుకెళ్ళాను. పడవ చెక్క పుచ్చిపోకుండా రాసే నూనె, బొమ్మలకు మాత్రం ఎందుకు పనికిరాదూ అనుకున్నాను. ఆ నూనె ఘాటుకు చేతులు బొబ్బలెక్కినా ఆయన ఓపిగ్గా రెండు పూతలు పూశాడు. వానాకాలం దాటేసరికి అయిదూ నల్లబడిపోయాయి. నేను ఏడుస్తుంటే, "ఊరుకో బావా, సెడగొట్టాలని తెచ్చావేటి? నాకు కనిపిత్తన్నాయిలే" అన్నాడాయన. నిజంగానే కనిపించేవి కాబోలు. బతికినన్నాళ్ళూ ఆ పలకల్ని గోడకు తగిలించుకుని, ఒక్కోదాని ముందు ఆగి దాని రాగమే సన్నగా తీసేవాడు; ఎప్పుడూ పొరబడలేదు.

ఇప్పుడు డయాలసిస్ పలాసలోనే చేస్తున్నారు. ఎవరు పాడినా ఫోనుల్లో ఉండిపోతోంది. టెక్కలి కచేరీ మొత్తం మా మనవరాలి దగ్గరుంది. అక్క గొంతు ఎవరి దగ్గరా లేదు. బావ పోయాక పలకలు మా ఇంటికి వచ్చాయి. కచేరీ నుంచి వచ్చిన మర్నాడు వాటిని ఎండలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాను. అక్క పాడిన మూడూ ఏవో, పాడకుండా వదిలిన రెండూ ఏవో, నాకు తెలియలేదు.