పదకొండు ఒకట్లు

నా భార్య పోయిన నెల చనిపోయింది. మొఘల్‌పురా బడిలో ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్న కొందరికి కబురు అందలేదు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఒక తప్పు ఒప్పుకోవడానికి కూడా.

"జవాబు నన్ను అడగకు, ఎక్కడ ఆగినవో చెప్పు" అనేది మీతో. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు వేశావా అంటే రుచి చూసి తెలుసుకోమనేది.

సంతోష్‌నగర్‌లో మా వంటింటి గట్టు మీద ఆమె నోటుబుక్కు ఉండేది. అన్నం ఉడికేలోపు నాలుగు భాగహారాలు. పక్కపక్కన పదకొండు ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య, వెయ్యి నూట పదకొండు కోట్ల పైచిలుకు, ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలని. రెండు ఒకట్లు దేనికీ లొంగవు. మూడు ఒకట్లను మూడు భాగిస్తుంది. ఐదు ఒకట్లు నలభై ఒకటికి లొంగాయి, ఏడు ఒకట్లు రెండు వందల ముప్పై తొమ్మిదికి. అన్నీ చేత్తో తేల్చినవే. పదకొండు ఒకట్ల మీద ఏడాదిన్నర గడిచింది, ఇంకా తేలలేదు. ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తూ, శేషం మిగిలితే దాన్ని కొట్టేస్తూ, ఇరవై వేలు దాటింది.

ఒకరోజు భోజనాల దగ్గర నేను ఫోన్‌లో చూసి చెప్పేశాను. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదితో పోతుందని. సాయం చేశాననే అనుకున్నాను.

"నేను అడిగిన్నా మిమ్మల్ని?" అంది. పప్పు వడ్డించింది. మర్నాడు గట్టు మీద నోటుబుక్కు చోట ఉల్లిగడ్డల బుట్ట ఉంది.

తర్వాత జబ్బు బయటపడింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, పదమూడు ఒకట్లు మొదలుపెట్టమన్నాను. అది యాభై మూడుతోనే పోతుందని, ఎప్పుడో చేసేశానని చెప్పింది. మరి పదిహేడు?

"గంత పెద్దదానికి నాకు టైం లేదు."

క్షమించమని అడగలేదు. అడిగితే చావు సంగతి ఒప్పుకున్నట్టు అవుతుందని ఊరుకున్నాను. అది సాకు.

దినాలయ్యాక ఆమె సామాను తెచ్చుకోవడానికి బడికి వెళ్లాను. బార్కస్ నుంచి వచ్చే సైన్స్ టీచరమ్మ నన్ను స్టాఫ్ రూంలోకి తీసుకెళ్లి, గోడకున్న చిన్న బోర్డు చూపించింది. పదకొండు ఒకట్లు, సమానం, రెండు సంఖ్యలు. లెక్క ఎవరు తేలిస్తే పక్కన వాళ్ల పేరే రాయాలని నా భార్య పట్టుబట్టేదట.

"మస్తు దిమాగ్ సార్ మీది. అందరికీ చూపించింది టీచర్."

అది నేను చేయలేదన్నాను.

"టీచర్ అబద్ధం రాస్తదా సార్?"

రెండు సంఖ్యల పక్కన నా పేరు ఉంది. చాక్‌పీసు గట్టిగా ఒత్తి రాసినట్టుంది. బోర్డు కింది చెక్క మీద పొడి ఇంకా ఉంది.