నాన్న కొన్న రెండో చీర

నాన్న పోయిన పన్నెండో రోజు, సరిగ్గా భోజనాల వేళకి, గుండు చేయించుకున్న మనిషి ఒకడు మా గేటు ముందు నిలబడ్డాడు. నాన్నకి మా తమ్ముడొక్కడే కొడుకు. వాడితో పాటు గుండు చేయించుకున్న దాయాదులందరినీ నేను ఎరుగుదును. ఈ మనిషి వాళ్ళలో లేడు. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మూట. వెనకాల ఒక ముసలావిడ నిలబడి ఉంది. నా చూపు ఆవిడ చీర మీదే ఆగిపోయింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. అలాంటిదే అమ్మ బీరువాలో ఉంది.

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. చిన్నప్పుడు నాన్న కొట్టు నుంచి రాగానే చొక్కా జేబు వాసన చూసి, మాకు తేకుండా పకోడీలు ఎక్కడ తిన్నాడో ఆరా తీసేదాన్ని. ఆయన పడీపడీ నవ్వేవాడు. "అమ్మీ, నువ్వు పోలీసువే. నీ సేతికి సిక్కితే దొంగకే కాదు, దొరకి కూడా దిక్కులేదు" అనేవాడు. నేను ఆఫీసులో ఉద్యోగం చేసే వయసు వచ్చాక కూడా ఇంట్లో నన్ను పోలీసు అనే పిలిచేవాడు.

మాది ఒడిశాలోని రాయగడ బజారులో చింతపండు, పసుపు, కొండచీపుర్ల టోకు కొట్టు. తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. సరుకు కోసం నాన్న వారం వారం లక్ష్మీపూర్ సంతకి వెళ్ళేవాడు. దాంట్లో అనుమానించడానికి ఏమీ లేదు. నా అనుమానమంతా చైత్ర మాసంలో ఆయన చేసే ఒక్క ప్రయాణం మీద. ఆ రోజు సంత ఉండదు, సరుకూ రాదు. సంచిలో కొత్త బట్టలు పెట్టుకుని, కకిరిగుమ్మకి టికెట్టు కొనుక్కుని పాసింజరు ఎక్కేవాడు. మర్నాడు వట్టి సంచితో దిగేవాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ సంచి విప్పి చూశాను. ఒక పంచె, ఒక చీర. ఆ ఉగాదికి అమ్మకి తెచ్చిన చీరా అదీ ఒకటే, రంగులో గానీ అంచులో గానీ తేడా లేదు.

"ఇది ఎవలికి నాన్నా?" అన్నాను.

"కావలసినోలకి" అన్నాడు, సంచి మూతి బిగిస్తూ. పోలీసు అనలేదు, నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి అప్పుడు నవ్వకపోవడం నా మనసులో పడిపోయింది.

ఇక ఆధారాలు వాటంతట అవే దొరకడం మొదలుపెట్టాయి. ఉగాది పచ్చడి ఆయన నోట పెట్టుకునేవాడు కాదు. కళ్ళకద్దుకుని పక్కన పెట్టేసేవాడు. కకిరిగుమ్మ వెళ్ళొచ్చాకే ఆ ఏడు మామిడికాయ ముట్టేవాడు. ఏమిటంటే మొక్కు అనేవాడు. నేను పదో తరగతిలో ఉండగా ఒకసారి ఊరి నుంచి గుండుతో దిగాడు. అదీ మొక్కేనన్నాడు.

"ఏ దేవుడికి?" అని నిలదీశాను.

ఒక్క క్షణం తడబడి, "కొండ మీద దేవుడికమ్మా" అన్నాడు. మా చుట్టూ కొండలకేం తక్కువ! ఆ పది రోజులూ ఆయన మంచమెక్కలేదు. కొట్లో చాప వేసుకుని పడుకున్నాడు. అప్పటికి నానమ్మ ఉంది. మడి, ఆచారం అంటూ ఇల్లంతా తన గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. ఆవిడ అడిగితే నడుంనొప్పి అన్నాడు.

నాకు కథంతా అర్థమైపోయింది అనుకున్నాను. కకిరిగుమ్మలో నాన్నకి ఇంకో ఇల్లుంది. అమ్మకి మాత్రం చెప్పలేదు. చెబితే అమ్మ కుప్పకూలిపోతుంది, నాన్న నాకు కాకుండా పోతాడు. నాన్నంటే నాకు ప్రాణం. అందుకని ముప్పై ఏళ్ళు ఆయన్ని ప్రేమిస్తూనే అనుమానించాను. జ్వరమొస్తే ఆయన నుదుటి మీద తడిగుడ్డ వేసిన చేత్తోనే ఆయన చొక్కా జేబులు తడిమాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇప్పుడు ఆ రెండో ఇల్లు మా గేటు దాకా వచ్చింది. నేనే ఎదురెళ్ళాను.

"ఎవలు మీరు? ఏ ఊరు?"

"కకిరిగుమ్మ పక్కమ్మా" అన్నాడు ఆ మనిషి, కొండవాళ్ళు సంతలో నేర్చుకునే తెలుగులో.

"మా నాన్న తెలుసా? ఏదీ, ఆయన పేరు సెప్పు."

నాలిక కరుచుకున్నాడు. "పేరు సెప్పకూడదమ్మా."

మొగుడి పేరు చెప్పని ఆడవాళ్ళని చూశాను గానీ, చచ్చిపోయిన షావుకారు పేరు చెప్పని మగవాణ్ణి ఇతన్నే చూశాను.

"పోనీ, నీకేటవుతారు?"

"తండ్రి" అన్నాడు.

ఆ మాటకి ముసలావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. చావింటికి వచ్చి నవ్వేమిటి! నా ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు వెనకనుంచి వచ్చి, "వాటాకొచ్చేరేటే అక్కా?" అని గొణిగాడు. లోపల షామియానా కింద బంధువులంతా బంతుల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళిద్దరికీ గేటు బయట, మురికికాలవ గట్టు మీద రెండు ఆకులు వేయించాను. అక్కడే కూర్చుని తిన్నారు. తమ ఆకులు తామే తీశారు. మూటలో తెచ్చిన చోడిపిండి, అదే రాగిపిండి, నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

అమ్మ కిటికీలోంచి అంతా చూసింది. సాయంత్రం బంధువులు కదిలాక, బీరువాలోంచి ఆకుపచ్చ చీర తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మీ, నీకు ముందే తెలుసా?"

"లేదమ్మా" అన్నాను. అబద్ధమని అమ్మకి తెలిసిపోయింది.

"అయితే కనుక్కుందాం. ఇన్నేళ్ళు కాపరం సేసేను. ఎవలితో సేసేనో నాకు తెలవాల" అంది. ఏడవలేదు. పోయిన మనిషి మీద కోపం కూడా తెచ్చుకోలేదు. ఎటూ తేలకపోతే ఆయన కోసం ఏడవడానికి కూడా వీల్లేకుండా ఉంది అమ్మకి.

ఏడాది తిరగకుండా గడప దాటడమేమిటని చుట్టాలు సణిగినా వినకుండా, మరుసటి నెలే చైత్రంలో నాతో పాటు పాసింజరు ఎక్కింది. సొరంగాలు దాటుతున్నంత సేపూ నేను వాళ్ళని అడగవలసిన ప్రశ్నలు వరస పెట్టుకుంటున్నాను. కకిరిగుమ్మ స్టేషను బయట టీ కొట్టులో, రాయగడ చింతపండు షావుకారు ఏ ఇంటికి వచ్చేవాడని అడిగాను. టీ కొట్టువాడికి తెలుసు, ఆటోవాడికి తెలుసు, దారిలో మేకలు తోలుకుపోతున్న ఆవిడకీ తెలుసు. మాకే తెలియదు.

ఎర్రమట్టితో అలికిన అరుగు మీద నులకమంచం వేసి ఉంది. మంచం మీద మడతపెట్టి నాన్న శాలువా. రైల్లో పోయిందని చెప్పి మా చేత కొత్తది కొనిపించిన శాలువా అది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. ముసలావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, అడక్కుండానే కూర్చుని అమ్మ కాళ్ళు కడిగింది. అమ్మ వెనక్కి తీసుకోబోతే వదల్లేదు.

నా ప్రశ్నలతో పని లేకుండా ఆవిడే చెప్పుకొచ్చింది. పెళ్ళికి ముందు, వ్యాపారానికి కొత్తలో, నాన్న వానాకాలం ఈ పక్క జ్వరంతో దారిలో పడిపోయాడట. ఆవిడ మొగుడు భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి, లేచి నడిచేదాకా సాకాడట. తర్వాత ఊరందరి ముందూ ఇద్దరూ తువ్వాళ్ళు మార్చుకుని మైత్రి కట్టుకున్నారు. అలా కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు పలకరు, ఇంటిల్లిపాదీ పలకరు. ఒకరి పిల్లలు ఇంకొకరికి పిల్లలే. వాళ్ళ చైత్ర మాసపు పండగ చైత్ పరబ్ అయ్యేదాకా ఆ ఇంట కొత్త మామిడికాయ తినరు గనక నాన్నా తినేవాడు కాదు.

"మరి మీ ఆయనెక్కడ?" అంది అమ్మ.

"పోయి శానా ఏళ్ళయిందమ్మా. మా వోళ్ళందరికన్నా ముందు మీ ఆయనే గుండు సేయించుకున్నాడు."

నేను పదో తరగతి చదివిన ఏడు. ఆయన గుండు చూశాను, చాప చూశాను, ముట్టని పచ్చడి చూశాను. ఏదీ వదల్లేదు. ఆ పది రోజులూ మా నాన్న ఏడుస్తున్నాడని మాత్రం నాకు తెలియలేదు. ప్రాణస్నేహితుడు పోతే ఇంట్లో చెప్పుకోలేక చింతపండు బస్తాల మధ్య మైల పట్టిన మనిషిని, ఇంకో పెళ్ళాం ఉన్నవాడని అనుకున్నాను. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అమ్మ అప్పుడు శాలువా అందుకుంది. ముఖానికి ఆనించుకుని, పన్నెండు రోజుల్లోనూ ఏడవనంతగా ఏడ్చింది. కాస్త తేరుకుని, "మాతో సెప్తే వద్దంతామా? మిమ్మల్ని మా ఇంటికి ఒక్కపాలీ తేలేదేటి?" అని అడిగింది.

"మేము అడిగీవోలం. ఇంట్లో ఒప్పరు అనీవోడు."

"అది మా అత్తగారున్నప్పటి మాట. ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళయిపోయింది."

"పోయిన పండక్కి కూడా అన్నాడమ్మా" అని ముసలావిడ నావైపు తిరిగి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మా గేటు దగ్గర నవ్విన నవ్వే. "మా ఇంట్లో పోలీసుంది అనీవోడు. మీరొస్తే గేటు కాడే నిలబెడతాది. ఏ ఊరంతాది, నా పేరు సెప్పమంతాది, నేను మీకేటవుతానంతాది. కోపం సేసుకోకండి, నా పిల్ల మంచిది అనీవోడు. నువ్వు అదే వరసలో అడిగేవమ్మా! అందుకే నవ్వాగలేదు."

ఇంతలో ఆవిడ కొడుకు లోపల ఆకులు వేశాడు. జుట్టు అప్పుడే కొద్దికొద్దిగా మొలుస్తోంది. నన్నూ అమ్మనీ పొయ్యి పక్కన, ఇంటి మనుషులు కూర్చునే చోట కూర్చోబెట్టి వడ్డించారు. వాళ్ళ పండగ నిన్ననే అయిందట. అన్నం పక్కన ఆ ఏటి మొదటి మామిడికాయ ముక్క పెట్టారు.

నేను అడగబోయే ప్రశ్నలన్నీ నాన్న వాళ్ళకి ముందే చెప్పి ఉంచాడు. కాలవ గట్టు మీద ఆకులు వేయిస్తానని మాత్రం చెప్పలేదు. అంతదాకా నన్ను ఆయన అనుమానించలేదు.