ఏటీ నేదన్న జోగమ్మ

కలకత్తాకి రైల్లో రెండు మూడు గంటల దూరంలో మా రైల్వే ఊరు. అక్కడి తాల్‌బగీచా పేటలో జోగమ్మ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆవిడ భర్త గణపతిరావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. జోగమ్మది భారీ శరీరం. ఆవిడ వీధిలోకి వస్తే "గూడ్సు వస్తోంది, గేటెయ్యండర్రా" అనుకునేవాళ్ళం. ఆ మాట మొదట అన్నది నేనే. అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే.

మా పక్కపేట ఇందాలో ఒక డాక్టరుండేవాడు. జోగమ్మ మోకాళ్ళ నొప్పులని వెళ్తే ఒళ్ళు తగ్గించమన్నాడు. చెవిపోటని వెళ్తే కూడా అదే మాట. అందుకే, ముట్లుడిగిన ఎనిమిదేళ్ళకి మళ్ళీ రక్తం కనబడితే ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చీర మీద మరక చూసి నేనడిగితే, "ఏటీ నేదొదినా, ఒంట్లో యేడి" అంది.

చివరికి పరీక్ష చేయిస్తే గర్భసంచిలో కాన్సరు. కలకత్తా ఆసుపత్రిలో సంచి తీసేశారు. అధిక బరువు కూడా ఈ జబ్బుకి ఒక కారణమని అక్కడి డాక్టరమ్మ చెబుతుంటే గణపతిరావు బల్ల చరిచాడు.

"సూసినావా? ముప్పయ్యేళ్ళబట్టి సెప్తన్నాను!"

పందెం నెగ్గినవాడి గొంతు అది.

తర్వాత ఇరవై అయిదు రోజులు కరెంటు, అదే రేడియేషను, పెట్టాలన్నారు, మధ్యలో మానకూడదన్నారు. పొత్తికడుపు మీద గీతలు గీశారు. కిరణాలు ఆ గీతల ప్రకారమే పడాలట. ఆదివారం, శనివారం తప్ప రోజూ వెళ్ళిరావాలి. గణపతిరావుకి నడుం నొప్పి. తోడు నేను.

రెండోవారంలోనే నీళ్ళ విరేచనం మొదలైంది. వచ్చిందంటే క్షణం ఆగదు. మేం వెళ్ళే హౌరా లోకల్ రైల్లో పాయఖానా ఉండదు. ఎక్స్‌ప్రెస్సులో ఉంటుంది గాని, ఆ జనంలోంచి ఆవిడ దానిదాకా వెళ్ళలేదు, వెళ్ళినా ఆ ఇరుకులో తిరగలేదు. ఒకరోజు దారిలో మేచెదా స్టేషన్లో దిగి పరిగెత్తబోయింది. ప్లాట్‌ఫారం మధ్యలోనే అయిపోయింది. నా శాలువా నడుముకి చుట్టుకుని నిలబడింది. వెనకనించి ఎవరో "ఏ మోటీ, హటో" అన్నాడు, లావుదానా తప్పుకో అని. జోగమ్మ పక్కకి జరిగింది.

మర్నాటినుంచి తిండి మానేసింది. గుక్కెడు టీ, పిడికెడు మరమరాలు.

"ఖాళీ బండికి దిగాల్సిన సరుకేటుంటాదొదినా" అనేది.

వారానికోసారి డాక్టరమ్మ బెంగాలీలో అడిగేది, కడుపులో ఏమైనా బాధగా ఉందా అని. "కిచ్ఛూ నా, దీదీ" అనేది జోగమ్మ, అక్కడా అదే, ఏటీ నేదని. నేను నోరు తెరవబోతే చెయ్యి గట్టిగా నొక్కింది.

బయటికొచ్చాక కేకలేశాను. "చెబితే ఏం పోయిందే?"

"సెప్తే ఏటంటాది? లావు తగ్గమంటాది. నేదా కరెంటు ఆపీమంటాది. ఇరవై అయిదూ అయిపోవాలొదినా. మజ్జిలో ఆగితే నాను దక్కను."

పద్దెనిమిదో రోజున మిషను దగ్గరివాళ్ళు ఆవిణ్ణి అటూ ఇటూ జరిపి, మళ్ళీ జరిపి, చివరికి దించేశారు. పొట్ట తగ్గిపోయింది, గీతలు కుదరడం లేదు. మళ్ళీ స్కాను, మళ్ళీ కొత్త గీతలు. తొమ్మిది రోజులు కరెంటు ఆగింది. ఏది ఆగకూడదని కడుపు మాడ్చుకుందో అదే ఆగింది.

నేనే చెప్పేశాను డాక్టరమ్మకి. ఆవిడ తల పట్టుకుంది. "విరేచనాలు చాలామందికి అవుతాయి. ముందే చెప్పకూడదూ? మాత్రలున్నాయి కదా!"

చిన్న మాత్ర. రెండు వేసుకున్న రోజున దారిలో ఎక్కడా దిగకుండా ఇంటికి వచ్చాం. దారంతా ఆవిడ కిటికీ బయటికే చూసింది.

ఇరవై అయిదూ అయ్యాయి. మధ్యలో ఆగినందువల్ల ఏమవుతుందని అడిగితే, చూద్దాం అన్నారు.

ఇంటికొచ్చిన వారానికి ఎదురింటి నీలవేణి గుమ్మంలోనే ఆపేసింది. "జోగక్కా! ఎంత సన్నబడిపోనావే! ఏటి తిన్నావేటి?"

"కరెంటెట్టించుకున్నానే. నువ్వూ ఎట్టించుకో."

నీలవేణి పకపకా నవ్వింది. అరుగు మీంచి గణపతిరావు, "తగ్గితే బాగుంటాదని సెప్పినాను గదా" అన్నాడు.

ఆర్నెల్లయింది. నిన్న పెరట్లో ఆరేసిన లంగా మీద, ఉతికినా పోని మరక చూశాను. కరెంటు వల్ల పేగులోంచి కూడా రక్తం పడొచ్చని డాక్టరమ్మ చెప్పిన సంగతి నాకు తెలుసు. ఇంకొకటి కూడా కావచ్చని తెలుసు.

"ఎప్పట్నించే?" అన్నాను.

జోగమ్మ ఈసారి ఏటీ నేదనలేదు. లంగా తీసి మడత పెట్టింది.

"రేపు లోకల్‌కి పోదాం, పదొదినా. ఇప్పుడు సన్నగున్నాను గదా. ఈపాలి ఏటంటారో సూద్దాం."