సి పక్కన జి తప్పిపోయిన కేసు

గుమ్మడికాయ పోకముందే దొంగను పట్టిన ఘనుణ్ణి నేను. ఆ ఘనకార్యం గుర్తొస్తే హైటెక్ సిటీ అద్దాల మేడలన్నీ నా ముఖమే చూపించి నవ్వుతున్నట్టుంటుంది. మీరూ నవ్వండి, ఫరవాలేదు.

ముప్పయ్యేళ్ల వయసులో, జన్యువుల లెక్కలు కట్టే కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు, మా భాషలో బగ్‌లు, పట్టడమే ఉద్యోగం. పెళ్లి భోజనంలో పప్పు మీద కూడా బగ్ వేసేవాణ్ణి. మనిషి డీఎన్ఏ అంటే ఎ, సి, జి, టి అనే నాలుగక్షరాలతో పేనిన కొండవీటి చేంతాడు. ఒకరోజు పక్కపక్క అక్షరాల జతలు లెక్కపెట్టాను. అక్షరాల వాటా ప్రకారం సి వెంట జి ఐదుసార్లు రావాల్సిన చోట ఒక్కసారే వస్తోంది!

ఆ డేటా ఎక్కించింది సిద్దిపేట నుంచి కొత్తగా చేరిన స్వరూప. ఆ శుక్రవారమే ఆమె ఉద్యోగం ఖాయం కావాలి.

“ఏమ్మా, మిగతా సి-జిలు ఎక్కడ పారేశావు?”

“నేను పారేసుడేంది సార్? గవి ఉండేదే తక్కువ.”

“దొరికినవాళ్లంతా అదే అంటారు.”

“జర టి-జిలు గూడ లెక్కవెట్టుండ్రి సార్.”

“మాట మార్చకు!”

నలభైమందికి మెయిల్ కొట్టాను, ఆమె పేరు ఎర్రక్షరాల్లో పెట్టి. మేనేజరు ఆమె కాగితాలు ఆపేశాడు. మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. ఎదుటి బల్ల మీద నేను బిర్యానీ రెండోసారి వడ్డించుకున్నాను. ఇప్పటికీ ఆ ముద్ద దిగలేదు.

శుక్రవారం మీటింగులో ఆమె ఎలుక, కోడి, కప్ప లెక్కలు తెర మీద పెట్టింది.

“అన్నిట్ల గిట్లనే ఉంది. చందానగర్ మార్కెట్ల కోడివి గూడ నేనే పారేసిన్నా సార్?”

గది గొల్లున నవ్వింది.

“వెన్నెముక ఉన్న జీవులల్ల, జి ముందటి సి మీద ఒక చిన్న రసాయన ముద్ర వడ్తది. ముద్ర వడ్డ సి తరతరాలకు మెల్లగ టి అయిపోతది. గందుకే సి-జిలు తగ్గినయ్, టి-జిలు పెరిగినయ్. శానమంది చెప్పే కారణం గిదే.”

మేనేజరు నావైపు తిరిగాడు. “కోట్ల ఏళ్లనాటి బగ్గండీ. ఎవరికి అసైన్ చేద్దాం, బ్రహ్మగారికా?”

ఆమె కాగితాల మీద అక్కడే సంతకమైంది. నా వెన్నెముక మాత్రం ఉందో లేదో తెలియలేదు. లిఫ్టులో ఆమె ఒక్కతే కనిపిస్తే గొణిగాను: “తప్పయిపోయింది స్వరూపా.”

“లిఫ్టుల చెప్తే లిఫ్టుకే తెలుస్తది సార్. గా నలభైమందికి రిప్లై ఆల్ కొట్టుండ్రి.”

కొట్టాను, నా పేరు ఎర్రక్షరాల్లో పెట్టి.

ఆ క్షణాన భీష్ముడు సిగ్గుపడేంత ప్రతిజ్ఞ చేశాను: టి-జిలు లెక్కపెట్టకుండా ఏ మనిషి మీదా నింద వెయ్యను. పెళ్లి పప్పు విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను.