ఊపిరి లెక్క కోసం విశాఖ వెళ్ళాను

మా తుని నుంచి విశాఖపట్నం వెళ్ళడం పెద్ద ప్రయాణమేమీ కాదు. పొద్దున్న పాసింజరెక్కితే టిఫిను అరిగేలోపే దిగిపోతాం. కానీ ఎనభైల చివర ఒక మే నెలలో, యోగాభ్యాసానికి పనికొచ్చే పుస్తకం, క్యాసెట్టు, వీలైతే వీడియో చూసి ఎంచుకుందామని చేసిన ప్రయాణం మాత్రం నాకు కాశీయాత్రతో సమానం. ఎందుకో చెబుతాను.

నేను హైస్కూల్లో తెలుగు మాస్టారిని. రెండేళ్ళుగా ఆయాసం. పద్యం మొదలుపెడితే మూడో పాదం దగ్గర ఊపిరి ఆగిపోయేది. నలభై మంది పిల్లలు నోరెత్తకుండా నా మొహం కేసి చూస్తూ కూర్చునేవారు. అల్లరి చేసినా బాగుండేది. వేసవి సెలవులకు సొంతూరు వెళుతూ హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "జూన్ నుంచి ఆఫీసు పనీ లైబ్రరీ చూసుకోండి మాస్టారూ, క్లాసులు ఇంకొకరికిద్దాం. ఆలోచించుకుని ఉత్తరం రాయండి" అన్నారు. మంచి మనిషి, నా మేలు కోరే అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అప్పటికి ఆరు నెలలుగా ప్రాణాయామం చేస్తున్నాను. బదిలీ మీద వెళ్ళిపోయిన ఒక తోటి మాస్టారు, కాకినాడలో ఏదో శిబిరంలో ఎక్కించుకున్న క్యాసెట్టు నాకిచ్చి వెళ్ళాడు. అందులో ఒక గురువుగారు అంకెలు లెక్కపెడతారు. నాలుగంకెలు పీల్చాలి, పదహారంకెలు బిగబట్టాలి, ఎనిమిదంకెలు వదలాలి. గంభీరమైన గొంతు. ఒక్కో అంకె బావిలోంచి చేదతో పైకి తోడినట్టు వచ్చేది. పన్నెండు దగ్గరే నాకు కళ్ళు బైర్లు కమ్మేవి. మా ఆవిడ రెండు రోజులు నా పక్కన కూర్చుని, మూడో రోజు "ఈయనెవరో మనుషుల్ని చంపడానికే పుట్టాడండీ" అని లేచి వంటింట్లోకి పోయింది. నేను మాత్రం మొండికేశాను. లోపం గురువుగారిలో ఉండదు, నా గుండెకాయలోనే ఉంటుందని నా నమ్మకం.

అందుకని విశాఖ స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్పు ఉక్కునగరంలో ఉన్న మా బావమరిది సత్తిబాబుకి ఉత్తరం రాశాను. నాలాంటి చేతకానివాడికి సరిపడే పుస్తకమో క్యాసెట్టో చూసిపెట్టమన్నాను. "నువ్వే వచ్చి ఎంచుకో బావా. వీడియో క్యాసెట్టు కూడా అద్దెకి తెప్పిస్తాను. విశాఖపట్నం దాకా పోకు, దువ్వాడలో దిగిపో" అని జవాబొచ్చింది.

ఉదయం ఆరుంపావుకి రైలెక్కాను. మా ఆవిడ కట్టిచ్చిన ఇడ్లీలు నర్సీపట్నం రోడ్డు స్టేషను దాటాక తిన్నాను. ఎదుటి సీట్లో అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన, నేను కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టడం చూసి కంగారుపడి, "మంచినీళ్ళు కావాలాండి?" అని రెండుసార్లు అడిగాడు. రెండోసారికి సిగ్గేసి మానేశాను. తొమ్మిదింటికి దువ్వాడ. స్టేషను బయట ఆటో ఎక్కితే కూర్మన్నపాలెం కూడలి పది నిమిషాలు. ఉక్కునగరం వెళ్ళేవాళ్ళు ఇదే దారి పట్టండి, అరపూట కలిసొస్తుంది.

సత్తిబాబుకి ఆ వారం పొద్దుటి షిఫ్టు, సాయంత్రాలు ఇంటి దగ్గరే. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎనిమిదేళ్ళయింది, మాటలో ఆ ఊరూ ఈ ఊరూ కలిసిపోయాయి. వాళ్ళ సెక్టారులో క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఏ ఇంట్లో వాళ్ళు నైట్‌షిఫ్టు చేసి పడుకున్నారో గుమ్మానికి కట్టిన తడిగుడ్డ చెబుతుంది. ఆ ఇంటి ముందు ఎవరూ గట్టిగా మాట్లాడరు, కూరగాయల బండివాడు కూడా కేక వెయ్యకుండా నడిచిపోతాడు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది.

సాయంత్రం ఐదింటికి పక్క క్వార్టర్లో వీడియో. నేను చూడాల్సింది యోగా క్యాసెట్టు, కానీ వీసీఆర్ అద్దెకొచ్చిందన్న మాట సెక్టారంతా పాకింది. ఆడవాళ్ళు పిల్లల్ని, చాపల్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. తెరమీద నిక్కరేసుకున్న కుర్రాడొకడు కాలు తీసి మెడ వెనకాల పెట్టుకోగానే పిల్లలు లేచి నిలబడ్డారు. "ఈయనకి ఎముకల్లేవేటి సత్తిబాబూ?" అన్నాడొక కార్మికుడు. మాటలన్నీ ఇంగ్లీషు. సత్తిబాబు ఉత్సాహం పట్టలేక చాప మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు రెండూ ఎత్తి తల వెనకాల నేలకి దించాడు. అప్పుడొచ్చింది చిక్కు. తల అలా ఇరుక్కుంటే టీవీ కనబడదు కదా.

"ఇప్పుడేటి సేత్తన్నాడు బావా ఆయన?" అని చాప మీంచి మూలుగు.

"కుడికాలు దించీమంటన్నాడు," అన్నారొకరు. "కాదు, ఎడమది," అన్నారు ఇంకొకరు. ఇద్దరి మాటా విని వాడు పక్కకి ఒరిగిపోయాడు. సత్తిబాబు భార్య, నాకు చెల్లెలి వరస, నాగమణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత సినిమా వేశారు, నేనూ సగం చూశాను. వీడియో గురించి నాకు తేలిందేమంటే, అది చేస్తూ చూసేది కాదు, చెయ్యబోయే ముందు ఒకసారి చూసి కట్టేసేది. పైగా అందులో నా ఈడు మనిషి ఒక్కడూ లేడు. దాన్ని వదిలేశాను.

మర్నాడు ఎనిమిదిన్నరకి, నాగమణి పెట్టిన పెసరట్లు తిని, నా పాత క్యాసెట్టు సంచిలో వేసుకుని కూర్మన్నపాలెంలో సిటీ బస్సెక్కాను. అరిగిపోకముందే దానికొక కాపీ తీయించి, తేలిక లెక్క ఉన్న క్యాసెట్టు ఇంకోటి కొనాలని. సత్తిబాబుకి డ్యూటీ ఉంది, ఒక్కడినే. గాజువాకలో ఖాళీ చేపలబుట్టతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. అక్కడ చేపలమ్మి విశాఖలో పాత ఊరికి తిరిగి వెళుతోందట. నేను అలవాటు కొద్దీ పీల్చడం, బిగబట్టడం మొదలుపెట్టాను.

"బాబూ, ఆ పక్కకి తిరిగి ఊదు," అందావిడ. నేను క్షమించమని, ఆయాసానికి ఇది మందని చెప్పాను. పదహారంకెల సంగతీ చెప్పాను.

"ఎవులు సెప్పినారు?"

"గురువుగారు. క్యాసెట్టులో లెక్కపెడతారు."

"మరి నీతోపాటు ఆయనా బిగబట్టినాడేటి?"

బిగబట్టే ఉంటాడన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "అంకెలు సెప్తా ఊపిరెలాగ బిగబడతాడు బాబూ?" అని, టికెట్టు కోసం చెంగు ముడి విప్పుకుంది.

నిజమే. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఆరు నెలలు ఆ గొంతు విన్నవాణ్ణి, నాకు తట్టలేదు. ఓడరేవు వైపు నుంచి ఇనప ఖనిజం ఎర్ర దుమ్ము కిటికీలోంచి వచ్చి చొక్కా మీద పడుతోంది, నేను దులుపుకోవడం కూడా మరిచిపోయి కూర్చున్నాను. కానీ గురువుని శంకించడం నా వల్ల కాలేదు. ఆయన సాధన చేసి ఉంటాడు, చేసిన తర్వాతే చెబుతున్నాడు అని సర్దిచెప్పుకున్నాను.

పదింటికి పూర్ణా మార్కెట్టు. కూరల బస్తాల మధ్యనుంచి దారి చేసుకుని, సత్తిబాబు చెప్పిన సందులో క్యాసెట్ల కొట్టు పట్టుకున్నాను. కొట్టాయన నలభై ఏళ్ళ మనిషి, చెవి మీద పెన్సిలు. ముందు ప్రాణాయామం చేస్తూ వినడానికి సంగీతం అడిగాను. తబలాతో వేణువు వేశాడు. రెండు నిమిషాల్లో నా కాలు తాళం వేస్తోంది, ఊపిరి దాని వెనక పరిగెడుతోంది. వద్దన్నాను. భజన వేశాడు. అది వింటే పక్కనున్నవాళ్ళతో కలిసి పాడబుద్ధేస్తుంది గాని కళ్ళు మూసుకోబుద్ధెయ్యదు. చివరికి తాళం లేని వీణ, ఒట్టి ఆలాపన. అందులో తొందరలేదు, నన్ను తరిమేవాళ్ళు లేరు. అది పక్కన పెట్టించాను.

అప్పుడు నా క్యాసెట్టు తీసి కాపీకిచ్చాను. ఆయన దాన్ని డెక్కులో పెట్టి మీట నొక్కాడు. ఎవరో సన్నగొంతు మనిషి, కాస్త ముక్కుతో మాట్లాడుతూ, రేషను షాపులో పేర్లు పిలిచినట్టు చకచకా లెక్కపెడుతున్నాడు.

"ఇది కాదండీ, నా క్యాసెట్టు వెయ్యండి," అన్నాను.

"మీదేనండి ఇది."

"మా గురువుగారి గొంతు ఇలా ఉండదు. మీ మిషను తప్పు."

ఆయనకు కోపం రాలేదు. ఇంకో డెక్కులో పెట్టాడు. అదే సన్నగొంతు. నాకే కోపమొచ్చింది. క్యాసెట్టు మార్చేశారని అనేదాకా వెళ్ళాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

"మాస్టారూ, ఓ సంగతి సెప్పండి. ఇది సి-అరవై. ఓ సైడు మీ ఇంటికాడ ఎంతసేపొస్తాది?"

"నలభై నిమిషాలు," అన్నాను. ఐదుంపావుకి మొదలుపెడితే ఆరుకి ఐదు నిమిషాల ముందు అయిపోతుంది, ఆరు నెలలుగా అంతే.

"అరగంట సైడండి అది. నలభై నిమిషాలు ఎలాగొస్తాది? మీ టేపురికార్డరు పెట్టిలో రబ్బరు బెల్టు సాగిపోనాది, అందుకే టేపు నెమ్మదిగా తిరిగి గొంతు బరువైపోతన్నాది."

నా వాచీ విప్పి చేతిలో పెట్టుకుని మళ్ళీ వెయ్యమన్నాను. పదహారంకెలకు పదహారు సెకన్లు. మా ఇంట్లో ఎంతయ్యేదో లెక్కగట్టాను. ఇరవై ఒకటి పైనే. ఆ పెట్టెలో మా ఆవిడ రేడియోయే వింటుంది, పాటల క్యాసెట్లు మాకు లేవు. ఈ ఒక్క గొంతే అందులో తిరిగేది, పక్కన సరిచూసుకోవడానికి ఇంకేదీ లేదు. రబ్బరు సాగిన కొద్దీ గురువుగారు గంభీరమయ్యారు, నేను చేతకానివాణ్ణయ్యాను.

కొట్టాయన స్టూలు జరిపాడు, కూర్చున్నాను. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆరు నెలలు పొద్దున్నే లేచి నా ఛాతీని నేనే తిట్టుకున్నాను. ఆయన టీ తెప్పించి, కొత్త బెల్టు కాగితంలో చుట్టి ఇస్తూ, "ఎవులికైనా తెలిసే యాపారం కాదండి ఇది. నానైతే పదేళ్ళుగా ఇదే సేత్తన్నాను," అన్నాడు. వీణ క్యాసెట్టు, బెల్టు తీసుకున్నాను. లెక్కపెట్టే క్యాసెట్టు కాపీ వద్దన్నాను, ఇంకోటీ కొనలేదు.

పక్క వీధిలో పుస్తకాల కొట్లో పన్నెండున్నర దాకా ఉన్నాను. ఒక పుస్తకం నిండా వీడియోలో కుర్రాడి లాంటివాడి ఫొటోలు. రెండోది అడుగడుక్కీ శ్లోకాలు. తెలుగు మాస్టారి బుద్ధి కదా, చెయ్యి దాని మీదికే పోయింది. గట్టిగా వెనక్కి లాక్కున్నాను. మూడోది పలచటిది, పంచె కట్టుకున్న మామూలు మనిషి గీతబొమ్మలు. మొదటి పేజీలోనే ఏ జబ్బున్నవాళ్ళు ఏది చెయ్యకూడదో ఉంది. ఆయాసమున్నవాళ్ళు బిగబట్టడం జోలికి పోవద్దని, పీల్చడం వదలడం హాయిగా సాగితే చాలని ఉంది. ఆ పేజీ రెండుసార్లు చదివి అదే కొన్నాను. మీరు కొనేటప్పుడు కూడా బొమ్మలు తర్వాత చూడండి, ముందు వద్దన్నవేమిటో చూడండి. క్యాసెట్టయితే కొట్లోనే వాచీ పెట్టుకుని వినండి.

మార్కెట్టు దగ్గర భోజనం చేసి, రిక్షాలో స్టేషనుకి వచ్చి రెండున్నర పాసింజరెక్కాను. కిటికీ సీటు దొరికింది. దువ్వాడలో ఎక్కిన ఒక కాంట్రాక్టు కూలీ నా పక్కన కూర్చున్నాడు. ప్లాంటులో ఇటుకలు మోస్తాడట. నా ఒళ్ళో పుస్తకం కేసి వంగి, పంచె కట్టిన మనిషి బొమ్మ చూపించి, "ఈయనేటి సేత్తన్నాడండి? ఏటి రాసినారు?" అన్నాడు. చదువు రాదన్నాడు.

చదవడం మొదలుపెట్టాను. రైలు చప్పుడుకి గొంతు పెంచాల్సివచ్చింది. నాలుగు వాక్యాలు కాగానే ఊపిరి అందలేదు. మామూలుగా అయితే బలవంతంగా లాగి, దగ్గు తెచ్చుకునేవాణ్ణి. ఆ వేళ లాగలేదు, ఆపేశాను. గాలి దానంతటది లోపలికి వచ్చేదాకా కిటికీలోంచి తాడిచెట్లు చూస్తూ కూర్చున్నాను. ఆలస్యమైపోతోందని సిగ్గుపడి అతని మొహం కేసి చూశాను. అతను కదల్లేదు. నా మొహం కేసే చూస్తున్నాడు, నోరెత్తకుండా.

"తర్వాతేటండి?" అన్నాడు.

అచ్చం అదే చూపు. రెండేళ్ళుగా తొమ్మిదో తరగతిలో నలభై మొహాల మీద చూసి, జాలి అనుకుని కుంగిపోయిన చూపు. వాళ్ళు జాలిపడలేదు. తర్వాత ఏమిటో చెబుతానని కూర్చున్నారు.

పేజీ అయ్యేసరికి ఆరుసార్లు ఆగాను. అతను అనకాపల్లిలో దిగిపోయాడు. నేను సంచిలోంచి ఇన్లాండు లెటరు తీసి పుస్తకం మీద పెట్టుకున్నాను. రైలు కుదుపులకి అక్షరాలు వంకరపోయాయి. జూన్లో క్లాసులు నేనే తీసుకుంటానని, మధ్యమధ్య ఆగుతానని, పిల్లలు ఆగగలరని హెడ్మాస్టరుగారికి రాశాను. తునిలో దిగగానే ప్లాట్‌ఫారం మీది ఎర్రడబ్బాలో వేశాను, ఇంటికెళితే మళ్ళీ భయపడతానేమోనని.