టేపు మొదటి అంగుళం

"...పిలగాడే లావైండని చెప్పు, పెండ్లి దావతులు మస్తు తిన్నడు గదా! నీ పేరెందుకు ఖరాబ్ చేసుకుంటవ్?" కర్టెన్ వెనక రేణుక భర్తతో గుసగుసగా గొడవ పడుతోంది.

ఆమె భర్త, టైలర్ ముత్యాలు, ఇబ్రహీంపట్నంలో ముప్పై ఏళ్లుగా పెళ్లికొడుకులకు సూట్లు కుడుతున్నాడు. ఒక్కటీ వెనక్కి రాలేదు. కర్టెన్ అవతల యాచారం పెళ్లికొడుకు మహిధర్ కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. భుజాలు పట్టేశాయి, గుండీ అందడం లేదు. రిసెప్షన్ ఆదివారం. ఇవాళ గురువారం.

తప్పెక్కడ జరిగిందో ముత్యాలుకు అర్థమైంది. పాత టేపు మొదటి అంగుళం ఎన్నడో చిరిగి ఊడిపోయింది. అందుకే ఏ కొలత తీసినా ఒక అంగుళం తగ్గించి రాసుకోవడం అలవాటైంది. పోయిన నెల రేణుక కొత్త టేపు తెచ్చింది. చెయ్యి మాత్రం పాత అలవాటు కొద్దీ అంగుళం తగ్గించే రాసింది.

నడుమైతే కుట్టు విప్పి వదులు చేయొచ్చు. కత్తిరించిన భుజాన్ని పెంచలేడు.

"మాస్టర్, నిజంగ లావైననా?" బయటి నుంచి మహిధర్ నవ్వబోయాడు. "గీ కోటు కోసం రాత్రి అన్నం బంద్ చేసిన. పెండ్లిపిల్ల సూస్తే నా పని ఖతం."

రేణుక భర్త మోచేయి పట్టుకుంది. "అవ్ అను. ఒక్క మాటనే."

ముత్యాలు చెయ్యి విడిపించుకుని కర్టెన్ జరిపాడు.

"నువ్వు లావు కాలే బిడ్డా, నేనే కొలత తప్పిన. కోటు విప్పు. ఆదివారం పొద్దుగాల్లకు ఇంకోటి కుడత. కొలతలు మా రేణుక తీస్తది."